రెండు అట్టల మొదటి ముద్రణ

మా రాజ్యం అక్క పోయాక, పరామర్శకు కాకుండా వేరే పనిమీద మా ఇంటికి వచ్చిన మొదటి మనిషి శ్రీధర్. నలభై దాటినవాడు, గుంటూరులో ఆడిటరు, పాత నవలలు పోగుచేస్తాడు. ‘అలివేణి’ అనే కలం పేరుతో రాసినావిడ పుస్తకాలంటే అతనికి ప్రాణం. ఆవిడ నవలల మొదటి ముద్రణలు అట్టలతో సహా సంపాదించడం, ఏ అట్ట ఎప్పటిదో, ఎవరు వేశారో తేల్చుకోవడం అతని సెలవురోజుల పని. ఇప్పుడు ఆవిడ తొలి నవల ‘కాలవగట్టు ఇల్లు’ను, అప్పట్లో ఎలా వచ్చిందో అలాగే, అవే అక్షరాలతో, అదే అట్టతో మళ్ళీ వేస్తున్నాడు. ఆ పుస్తకానికి బైండింగు మా నాన్న చేశాడని ఎవరో చెప్పారట. మా దగ్గర శుభ్రమైన ప్రతి ఏదైనా మిగిలిందేమోనని ముందుగా ఫోను చేసి, ఒక ఆదివారం పొద్దున విజయవాడ వచ్చాడు.

మా దగ్గర ప్రతి లేదు. అతనే తన సంచీలోంచి రెండు తీసి బల్లమీద పక్కపక్కన పెట్టాడు. రెండూ అదే నవల. ఒకదాని అట్ట మద్రాసులో మూడు రంగుల్లో అచ్చయింది. వెన్నెల్లో పడవ, పడవలో తల వంచుకున్న అమ్మాయి, కింద మూలలో అప్పట్లో బాగా పేరున్న చిత్రకారుడి సంతకం. రెండోదానికి రెండే రంగులు, నలుపూ ఇటుక ఎరుపూ. కాలవగట్టు, ఒక పెంకుటిల్లు, గుమ్మంలో నిలబడి బయటికి చూస్తున్న ఆడమనిషి. సంతకం లేదు. అది మా అక్క వేసిందని చూడగానే చెప్పాను.

“అలాగాండీ? చాలా సంతోషం మేడమ్,” అన్నాడు శ్రీధర్. తర్వాత కాస్త మొహమాటంగా, “కాని ఇది తర్వాతెప్పుడో వేసిన చవక ప్రింటండి. పాత పుస్తకాలవాళ్ళం అందరం అలాగే రాసుకున్నాం. మొదటి ముద్రణకి అట్ట ఈ పడవదే. రచయిత్రిగారు సంతకం చేసి ఇచ్చిన కాపీ నా కళ్ళతో చూశాను,” అన్నాడు.

“అది మొదటి ముద్రణే. ఇదీ మొదటి ముద్రణే.”

“రెండూ ఎలా అవుతాయండీ?”

అక్క గీసినవాటిలో అచ్చయిన బొమ్మ అదొక్కటే. దాన్ని ఎవరు వేశారో తెలియని, ఎప్పుడు వచ్చిందో తెలియని చవక ప్రింటు అట్టగా జనం రాసుకుంటున్నారని నాకు ఆ పూటే తెలిసింది. శ్రీధర్ పుస్తకం ఒకసారి బయటికొస్తే ఇక అదే స్థిరపడిపోతుంది. అలా కానివ్వకూడదు. అలా కానివ్వకుండా ఉండడానికి నాకు తెలిసినంత తెలిసినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు కూడా. కాఫీ ఇచ్చి, కూచోమని, మా ఇంటి సంగతి మొదలుపెట్టాను.

మా ఇల్లు గవర్నరుపేటలో, చుట్టూ అచ్చాఫీసులున్న సందులో ఉండేది. ముందు గది నాన్న బైండింగు షాపు, వెనక రెండు గదులు మావి. మధ్యలో గుమ్మం ఉండేది గాని తలుపు వేసిన జ్ఞాపకం లేదు. అందుకని పని ఎక్కడ ఆగి ఇల్లు ఎక్కడ మొదలయ్యేదో చెప్పడం కష్టం. పొద్దున వంటయ్యాక, వసారాలో కుంపటి ఇంకా చల్లారకముందే అమ్మ మైదా జిగురు కాచేది. ఉండకట్టకుండా తిప్పి తిప్పి, దించేముందు పురుగు పట్టకుండా మైలుతుత్తం పొడి కొంచెం వేసేది. అది విషం కాబట్టి దానికి వేరే గిన్నె, వేరే గరిటె. అవి వసారా దాటి లోపలికి వస్తే ఊరుకునేది కాదు. ఎంత కడుక్కున్నా గోళ్ళ చివర్ల నీలం పోయేది కాదు. ఉడికిన పిండి వాసన, కాగితం దుమ్ము, పక్క ప్రెస్సుల్లోంచి వచ్చే సిరా, కిరసనాయిలు వాసనలు కలిసి మా బట్టల్ని పట్టుకునేవి. మీ ఇంట్లో పుస్తకాలు వండుతారటే అని బళ్ళో నా పక్కన కూచునే పిల్ల వెక్కిరించేది. ఇంటికొచ్చి చెప్తే అమ్మ కోప్పడకుండా, అవును, తాలింపు కూడా వేస్తామని చెప్పు, అంది.

ప్రెస్సు నుంచి పుస్తకం పుస్తకంలా రాదు. పెద్ద షీట్లుగా వస్తుంది. ఒక్కో షీటుకి రెండువైపులా కలిపి పదహారు పేజీలు, దాన్నే ఫారం అంటారు. దాన్ని వరసగా మడతలు పెట్టి, వెదురుబద్దతో మడత మీద గట్టిగా రాస్తే పేజీలు వరసలోకి వస్తాయి. మధ్యాహ్నాలు అమ్మా, అక్కా, నేనూ చాపమీద కూచుని మడిచేవాళ్ళం. తొందరగా కావలసిన పుస్తకాన్ని రెండు మూడు ప్రెస్సులకు పంచేవారు కాబట్టి ఫారాలు వరసలో వచ్చేవి కావు. చివరి ఫారం ముందొచ్చి, మొదటిది వారం తర్వాత వచ్చేది. మేం ముగ్గురం మడుస్తూనే చదివేవాళ్ళం. అంచేత ఆ రోజుల్లో నేను చదివిన నవలల్లో ముందు పెళ్ళయిపోయేది, ఆ తర్వాత చూపులు జరిగేవి, అన్నిటికన్నా ఆఖర్న కథానాయిక పుట్టేది. అమ్మకు అదే అలవాటైపోయింది. వరసగా కుట్టిన పుస్తకం చేతికిస్తే చివర ఏమవుతుందో తెలియకుండా ఎలా చదువుతారో అనేది.

నాన్న మాత్రం చదివేవాడు కాదు. నవల బాగుందా అని ఎవరైనా అడిగితే, పద్నాలుగు ఫారాలు, కుట్టు బాగా కూచుంది, అని చెప్పేవాడు. అట్ట వేసి, అంచులు కోసిన మొదటి ప్రతిని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తెరిచేవాడు. జిగురు సరిగ్గా ఆరితే ఒక చప్పుడు, ఆరకపోతే ఇంకో చప్పుడు. ఆ తేడా నాకు ఎప్పుడూ తెలియలేదు. అక్కకు తెలిసేది.

అక్క నాకన్నా ఆరేళ్ళు పెద్ద. పాడైన షీట్ల వెనకవైపు బొమ్మలు గీసేది. వీధిలో ఆడపిల్లలంతా దుప్పట్లకూ దిండుగలీబులకూ కుట్టుకునే పువ్వులు, నెమళ్ళు ఆమె గీసి ఇచ్చినవే. చెయ్యి ఎంత చురుకో నోరూ అంత చురుకు. ఫారం మడుస్తూ, ఈ అలివేణిగారి పిల్ల రోజంతా గుమ్మంలోనే నిలబడుతుందే, ఆ ఇంట్లో అంట్లెవరు తోముతారో, అనేది. అంటూనే ఆ ఫారాన్ని రెండోసారి చదివేది.

‘కాలవగట్టు ఇల్లు’ అచ్చు సగంలో ఉండగా కాగితం అయిపోయింది. కాగితానికి కరువు రోజులు అవి. ఏడో ఫారానికి మాత్రం ఎక్కడినుంచో వేరే బండిళ్ళు తెప్పించారు, ముతకవి, గోధుమరంగువి. మిగతా కాగితం బద్ద కింద మెత్తగా లొంగేది, ఇది విరిగినట్టు చప్పుడు చేసేది. దాన్ని మేం జొన్నరొట్టె అనేవాళ్ళం. జొన్నరొట్టెలు ఎవరు మడవాలి అన్నదాని మీద నాకూ అక్కకూ రోజూ తగాదా. పెద్దదాన్నన్న పేరు చెప్పి నాకు తోసేసేది. మర్నాడు మళ్ళీ తనే తీసుకునేది.

శ్రీధర్‌కు అర్థం కావలసిన సంగతి ఇక్కడే ఉంది. ఆ రోజుల్లో ఏ పబ్లిషరూ అచ్చువేసిన పుస్తకమంతా ఒకేసారి అట్ట వేయించేవాడు కాదు. ఫారాలు మడిచి, వరసపెట్టి, కుట్టి, కట్టలు కట్టి అటకమీద పెట్టించేవాడు. అమ్మకాన్ని బట్టి ఇన్ని, ఇన్ని అని అట్టలు వేయించేవాడు. ఈ నవల మొదటి విడత పడవ అట్టతో వెళ్ళింది, అద్దె లైబ్రరీలవాళ్ళు ఎగబడి తీసుకున్నారు. రెండో విడతకు మద్రాసు నుంచి రైల్లో వచ్చిన అట్టల పార్శిలు స్టేషనులో వానకు తడిసింది. విప్పిచూస్తే అట్టలన్నీ ఒకదానికొకటి అతుక్కుని దిమ్మలా అయిపోయాయి. మళ్ళీ అక్కడ వేయించాలంటే నెలపైన పడుతుంది. పబ్లిషరుగారు మా షాపులో స్టూలుమీద కూచుని, అట్ట లేకుండా అమ్మమంటావా అని నాన్న మీద విసుక్కున్నారు, పార్శిలు నాన్నే తడిపినట్టు. రెండు రంగుల్లో ఇక్కడే ట్రెడిలు మిషను మీద కొట్టిద్దాం, గీతల బొమ్మయితే అచ్చు బ్లాకు రెండురోజుల్లో చేసిస్తారు, అన్నాడు నాన్న. బొమ్మ ఎవరేస్తారని ఆయన అడిగారు.

“నేనేస్తానండీ,” అంది అక్క, చాపమీంచి తల ఎత్తకుండానే. “నేను నవల మొత్తం చదివాను. మద్రాసాయన చదవలేదు.”

“చదవలేదని నీకెట్టా తెలుసమ్మా?”

“నవల్లో పడవ లేదండీ.”

పబ్లిషరుగారు కాసేపు నాన్న మొహం చూసి, అవును కదా అన్నారు. ఆ సాయంత్రమే అట్టముక్కలు, నల్లసిరా పంపించారు. అక్క వెనక గడపమీద కూచుని వేసింది. నలుపు ఒక అట్టమీద, ఎరుపు రావలసిన చోట్లు దానిపైన పరిచిన పల్చటి కాగితం మీద. నీడలు వేయడానికి లేదు, గీత ఉండాలి, లేకపోతే ఖాళీ ఉండాలి. అందుకే కాబోలు ఆ బొమ్మలో ఎండ అంత బలంగా ఉంటుంది. బ్లాకు వచ్చింది, అట్టలు వచ్చాయి, అటకమీది కట్టలు దించి అవే ఫారాలకు ఈ అట్ట వేశాం. అమ్మ జిగురు రాసింది, నేను అతికించాను. బొమ్మ ఎవరిదో పుస్తకంలో వేయలేదు, వేయాలని ఎవరికీ తోచలేదు.

ఇదంతా విన్నాక శ్రీధర్ రెండు పుస్తకాలనూ చేతికి తీసుకున్నాడు. నేను వాటిని నిలబెట్టి, పేజీల అంచులు చూడమన్నాను. ఎన్నో ఏళ్ళకు కాగితమంతా పసుపుబారింది గాని, రెండింటిలోనూ సగానికి కాస్త ఇవతల ముదురు గోధుమరంగు చార ఒకటి ఉంది, ఒకే చోట, ఒకే మందాన. అది తడి మరక అనుకున్నానండీ, అన్నాడు. సంచీలోంచి ఇంకో ప్రతి తీశాడు. దానిమీద రెండో ముద్రణ అని అచ్చులోనే ఉంది. అంచు మొదటినుంచి చివరిదాకా ఒకే రంగు. అయినా అతను అంతటితో ఒప్పుకోలేదు, అది నాకు నచ్చింది. కాగితం ఒక్కటే చాలదని, మొదటి రెండింటినీ పేజీకి పేజీ తిప్పుతూ కూచున్నాడు. ఒక పేజీ పైన శీర్షికలో అక్షరం అంచు విరిగి ఉంటే అది రెండింటిలోనూ అలాగే విరిగి ఉంది. రెండో ముద్రణకు టైపు మళ్ళీ కూర్చారు కాబట్టి అందులో అది విరగలేదు. భోజనం వేళకు తల ఎత్తి, “అచ్చు ఒకటేనండీ. అట్టలే రెండు. మేమే పొరబడ్డాం,” అన్నాడు. తర్వాత, అప్పట్లో జరిగినట్టే ఇప్పుడు కూడా సగం ప్రతులకు పడవ, సగం ప్రతులకు ఈ అట్ట వేస్తానని, లోపల అక్క పేరు వేస్తానని చెప్పాడు. ఇంట్లోవాళ్ళ అనుమతి కావాలన్నాడు. అంటే మా బావగారిది. ఆయన ఉండేది ఉయ్యూరులో, ఆ రోజే వెళ్దామన్నాను.

ఉయ్యూరు దారిలో ముందుగా మా పాత సందు మీదుగా కారు పోనిమ్మన్నాను. మా ఇల్లున్న చోట ఇప్పుడు కోచింగు పిల్లల హాస్టలు. ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులు కొన్ని ఇంకా ఉన్నాయి, వాటినిండా పరీక్షల గైడ్లు. దానికి నాకు బాధేమీ లేదు. ఆ రోజులు మంచివనీ ఇవి చెడ్డవనీ నేననుకోను. అమ్మ గోళ్ళకిందికి విషం చేరే పని అది. నాన్న కళ్ళు అరవై రాకుండానే పోయాయి. ఇప్పుడు శ్రీధర్ పుస్తకం ఫారాలను యంత్రమే మడుస్తుంది, అదే జిగురు పెడుతుంది. అది మేం చేసినదానికన్నా తిన్నగా ఉంటుంది. ఒక్క తేడా మాత్రం ఉంది. అప్పుడు పుస్తకం ఒక్కో అంగుళం ఎవరో ఒకరి చేతికింద నలిగేది, అందుకే ఇన్నేళ్ళకైనా దాన్ని చూసి ఎవరు ఏం చేశారో చెప్పగలిగాను. ఇప్పటి పుస్తకాన్ని చూసి రేపు ఎవరూ అలా చెప్పలేరు. చెప్పాల్సిన అవసరమూ ఉండదేమో. కంకిపాడు దాటాక చెరుకు ట్రాక్టర్ల వెనక మెల్లగా వెళ్ళాం. ఊరు దగ్గరపడుతుంటే చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన కారు అద్దాలు మూసినా లోపలికి వచ్చింది. అక్క పెళ్ళయి వెళ్ళిన కొత్తల్లో, మైలుతుత్తం వదిలి మడ్డిలో పడ్డానే అని చెప్పేది.

బావగారు ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసి రిటైరయ్యారు. తనే కాఫీ కలిపి తెచ్చారు. శ్రీధర్ చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు. అంచులో చార చూపిస్తే వేలితో తడిమారు. ఆయనకు సంతోషంగా ఉంటుందనుకున్నాను, ఉంది కూడా. కాని వెంటనే సరే అనలేదు.

“పేరు వెయ్యడానికి రాజ్యం ఒప్పుకోదు శేషూ,” అన్నారు.

అక్క మూడు నెలల క్రితం పోయిందన్న సంగతి ఆ మాటలో ఎక్కడా లేదు. ఎందుకు ఒప్పుకోదని అడిగాను.

“ఆ చెయ్యి చూడు.”

గుమ్మంలో ఆడమనిషి కుడిచెయ్యి ద్వారబంధం మీద ఉంది. బొటనవేలు ఉండాల్సిన వైపు లేదు, అటువైపు ఉంది. ఎడమచేతిని తెచ్చి కుడిచేతికి పెట్టినట్టు. ఆ బొమ్మను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, నా చేతుల్తో అతికించాను. ఎన్నడూ కనపళ్ళేదు. శ్రీధర్ కూడా వంగి చూసి, తన కుడిచెయ్యి ఎత్తి గాల్లో పెట్టి చూసుకున్నాడు.

బ్లాకు వచ్చిన రోజునే అక్క కనిపెట్టిందట. మళ్ళీ గీసిస్తాను, బ్లాకు మార్పించమని నాన్నను అడిగితే, అంత టైము లేదమ్మా, ఎవరు చూస్తారు, అన్నాడట. పెళ్ళయ్యాక ఆ పుస్తకం ఎవరింట్లోనైనా కనిపిస్తే బోర్లించి పెట్టేదట.

“నాకెప్పుడూ చెప్పలేదే,” అన్నాను.

“నీకు చెప్పద్దని నాకూ చెప్పింది. శేషుకి ఆ బొమ్మంటే ఇష్టం, చెప్తే ఇక ఆ వేలే కనపడుతుంది దానికి, అంది.”

శ్రీధర్ మంచివాడు. మా ఇద్దరి మొహాలూ చూసి, మెల్లగా, “ఇప్పుడు అదేం పెద్ద పని కాదండీ. కంప్యూటర్లో రెండు నిమిషాల్లో ఆ వేలు ఇటు తిప్పేయొచ్చు. ఎవరికీ తేడా తెలీదు,” అన్నాడు.

సరే అనబోయాను. అక్క అడిగింది అదే. పద్దెనిమిదేళ్ళ పిల్ల అడిగితే అప్పుడు కుదరనిది, ఇప్పుడు రెండు నిమిషాల్లో అవుతుందంటున్నాడు. అయిపోతే పేరు వేయడానికి ఆమెకూ అభ్యంతరం ఉండదు. కాని పొద్దుటినుంచీ నేను శ్రీధర్‌తో వాదించింది ఆ రోజు మా ఇంట్లో ఏది జరిగిందో అదే మొదటి ముద్రణ అని. బావగారు నాకన్నా ముందు మాట్లాడారు.

“వేలు తిప్పితే అది మీరు చెప్పే మొదటి ముద్రణ అవుద్దా అండీ?”

“అవదండీ,” అన్నాడు శ్రీధర్, నిజాయితీగా.

“అయితే ఉంచెయ్యండి. పేరు వెయ్యండి. తిడితే నన్ను తిడుతుందిలే, అలవాటే.” కాఫీ గ్లాసులు తీయబోతూ ఆగి, “ఇంటిపేరు మాత్రం మాది కాదు, శేషూ వాళ్ళది వెయ్యాలి. బొమ్మ వేసేనాటికి నేనెక్కడున్నాను,” అన్నారు.

శ్రీధర్ ఫోను తీశాడు. అక్క పూర్తిపేరు, మా ఇంటిపేరుతో, నేనే చెప్పాను. అంతకు ముందు ఆమె పూర్తిపేరు నేను చెప్పవలసి వచ్చింది ఆసుపత్రి కౌంటరు దగ్గర, బావగారి ఇంటిపేరుతో. అక్కడ పేరు తర్వాత వయసు అడిగారు. శ్రీధరూ వయసే అడిగాడు, బొమ్మ వేసినప్పటిది.

పద్దెనిమిది, అన్నాను.